మూలనామము చెరుపరాదు

ఛాయాచిత్రములను కంప్యూటరుపై దిద్దువారు నేడు మన నాట కోకొల్లలు. పెండ్లి ఆల్బములు కూర్చు స్టూడియోవారు, పత్రికా కార్యాలయములలో వార్తాచిత్రములను సవరించువారు, శిథిలమగుచున్న తాటాకు ప్రతులను పాత గ్రంథములను ఫోటో తీసి భద్రపరచు గ్రంథాలయములవారు, శాసనములను శిల్పములను చిత్రించు పరిశోధకులు, వీరందరును ఒక్కొక్క చిత్రమును విడివిడిగా తెరచి దిద్దుట అసాధ్యమగుటచేత, వందలు వేలు చిత్రములను ఒక్క ఫోల్డరునందుంచి, పరిమాణము తగ్గించుట, వెలుగు పెంచుట, అంచులు కత్తిరించుట మొదలగు పనులను ఒక్క ఆజ్ఞతో మూకుమ్మడిగా జరిపించుకొనుచున్నారు. ఈ సదుపాయమును నేను మనసార మెచ్చుకొందును. కాని ఈ సవరణ ముగిసిన పిమ్మట వెలువడు ప్రతులకు కెమెరా పెట్టిన పేరు నిలుచుచున్నదా, లేక దానిని తుడిచివేసి సాఫ్ట్‌వేర్ క్రొత్త వరుస సంఖ్యను తగిలించుచున్నదా అని విచారించువారు మిక్కిలి అరుదు. మూలనామము పోయిన చిత్రము తన మూలముతోడి సంబంధమునే పోగొట్టుకొనుననియు, కావున పేరు నిలుపుటయే సాఫ్ట్‌వేర్‌లకు సహజధర్మముగను, మార్చుట కోరి చేయవలసిన పనిగను ఉండవలెననియు నా దృఢాభిప్రాయము.

కెమెరా పెట్టు పేరు చూపునకు నిస్సారముగ నుండును. డీఎస్‌సీ_0412 అనియో, ఐఎంజీ_7730 అనియో ఉన్న పేరులో దృశ్యమేదో, మనుష్యులెవరో, ఊరేదో తెలుపు అక్షరమొక్కటియు లేదు. అయినను ఆ పేరు యాదృచ్ఛికముగ పుట్టినది కాదు. జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము 1998లో ఏర్పరచిన నియమము ననుసరించి, ఇంచుమించు అన్ని డిజిటల్ కెమెరాలును చిత్రములను డీసీఐఎం అను ఫోల్డరులో, 100 మొదలు 999 వరకు గల సంఖ్యతో ఆరంభమగు ఉపఫోల్డరులయందుంచి, ప్రతి చిత్రమునకు ఎనిమిది స్థానముల పేరు పెట్టును. అందు మొదటి నాలుగు స్థానములు తయారీదారుని ఇష్టము, చివరి నాలుగు స్థానములును 0001 మొదలు 9999 వరకు నడచు సంఖ్య. షట్టరు నొక్కిన క్రమమే ఆ సంఖ్యాక్రమము. 0412 తరువాత 0414 కనిపించినచో, నడుమ నొక చిత్రము తీయబడి తొలగింపబడుటయో, మరియొక చోట నుండుటయో జరిగినదని ఆ ఖాళీయే సాక్ష్యము చెప్పును.

ఇట్టి పద్ధతి డిజిటల్ యుగముతో వచ్చినదియు కాదు. ఫిల్ము చుట్ట అంచున ఫ్రేము సంఖ్యలు ముద్రితములై యుండెడివి. స్టూడియోవారు నెగటివు కవరుపై ఒక సంఖ్య వ్రాసి, ఆ సంఖ్యనే రసీదుపై వేసి యిచ్చెడివారు. పదేండ్లు గడచిన పిమ్మట తాతగారి చిత్రమునకు మరియొక ప్రతి కావలసివచ్చినప్పుడు ఆ సంఖ్య చెప్పిన చాలును, పెట్టెలోని నెగటివు బయటికి వచ్చెడిది. అంతకు మున్ను, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాచిత్రకారుడై సికింద్రాబాదున స్టూడియో నడపిన రాజా దీన్ దయాళ్ చిత్రములపైని సంఖ్యలు నేటికిని కనబడుచుండును. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో ఆయన గాజుపలకలను వేలసంఖ్యలో సేకరించెను. ఒక కాగితపు ప్రతి ఎక్కడనో దొరకినప్పుడు అది ఏ గాజుపలకనుండి తీయబడినదో నిర్ణయించుటకు ఆ సంఖ్యకంటె దృఢమైన ఆధారమేమి కలదు?

పెండ్లి స్టూడియోలలో జరుగు పనిని దగ్గరగా చూచినవారికి మూలనామము పోవుటవలని నష్టము వెంటనే బోధపడును. నేటి పెండ్లికి తరచుగ ఫోటోగ్రాఫర్లు ఇద్దరు వత్తురు. ఒకరు పీటల ఎదుట నిలిచి ఆచారము ప్రకారము వరుసగా తీయుదురు, మరియొకరు ప్రక్కలనుండి జనము నడుమనుండి క్యాండిడ్ చిత్రములు తీయుదురు. ఇద్దరి కెమెరాలును ఒకే సంస్థవైనచో రెండింటిలోను డీఎస్‌సీ_0412 ఉండవచ్చును. స్టూడియోవారు ఈ రెండు కార్డులను కంప్యూటరులో కెక్కించుకొని, కన్నులు మూసికొన్నవియు మసకబారినవియు తీసివేసి, మిగిలినవానిని చిన్న పరిమాణమునకు తగ్గించి, పెన్‌డ్రైవులో పెండ్లివారికిచ్చి, ఆల్బమునకు కావలసినవి సెలెక్షన్ చేసి నంబర్లు పంపుడనెదరు. ఆ తగ్గించు వేళ పేరు మార్చు గడియందు క్రొత్త వరుస కోరబడినచో, పెన్‌డ్రైవులోని చిత్రములు పెండ్లి-001, పెండ్లి-002 అని చూడముచ్చటగా తయారగును. స్టూడియో కంప్యూటరులోని అసలు రా ఫైళ్లు మాత్రము కెమెరా పేర్లతోనే యుండును.

పెండ్లికూతురి మేనత్త రాత్రులు మేలుకొని, జీలకర్ర బెల్లము, మాంగల్యధారణము, తలంబ్రాలు, అప్పగింతలు అని నోటుపుస్తకమున శీర్షికలు పెట్టి, ఒక్కొక్కదాని క్రింద నంబర్లు వ్రాసి పంపును. డిజైనరు ఆ నంబర్లను పట్టుకొని అసలు ఫైళ్లలో వెదకబోవును. అచ్చట ఆ నంబర్లే లేవు, ఉన్నను అవి వేరు చిత్రములవి. చిన్న చిత్రము నొక ప్రక్క తెరచి, పెద్దవానిని వందలకొలది త్రిప్పుచు, ఎత్తిన చేతినిబట్టి, పడుచున్న అక్షింతలనుబట్టి పోల్చుకొనవలసియుండును. ఒక్క సెకనులో వరుసగా తీసిన అయిదారు చిత్రములలో మేనత్త మెచ్చినదేదో ఆ విధమున నిర్ణయించుట ఎంతటి నేర్పరికైనను కష్టమే. ఆల్బము షీట్లు వచ్చిన దినమున ఆమె ఫోను చేసి, "ఏం బాబూ, నేను రాసింది అమ్మాయి నవ్వుతున్న ఫోటో నంబరు కదా, మీరు తల వంచుకున్నది వేశారేమిటి?" అని అడుగును. "మీరు పంపిన నంబరే చూసి వేశామమ్మా" అని అతడు బదులు చెప్పును. ఇద్దరును నిజమే పలుకుచున్నారు. ఆమె యొక వరుసను చూచినది, అతడు వేరొక వరుసను చూచినాడు. రెంటిని కలిపెడి పేరు నడుమనే తెగిపోయినది.

వరుస సంఖ్యయొక్క అసలు లోపము ఇచ్చటనే యున్నది. పెండ్లి-412 అను పేరు ఆ చిత్రమునకు చెందినది కాదు, ఆనాటి వరుసలో అది నిలిచిన స్థానమునకు చెందినది. మరునాడు పెండ్లివారు వచ్చి దానికి ముందున్న మూడు చిత్రములు వలదనినచో, వానిని తీసివేసి మరల అదే ఆజ్ఞ నడపినప్పుడు, ఆ మూడింటికి వెనుకనున్నవన్నియు ముందునకు జరిగి, 412 అనునది నిన్నటివరకు 415గా నుండిన చిత్రమునకు పేరగును. ఒకసారి పేరు క్రమమున, మరియొకసారి తేదీ క్రమమున అమర్చినను ఇట్లే జరుగును. పేరును అక్షరముగ మాత్రమే చూచు సాఫ్ట్‌వేర్ 1 తరువాత 10ని, 11ని ఉంచి, 2ను దూరముగ నెట్టివేయుననుట ఈ పనిలోనివారందరికిని అనుభవమే. చిత్రములో ఇమిడియున్న తీసిన వేళను చూచి పోల్చుకొనరాదా యని కొందరందురు. ఇద్దరి కెమెరా గడియారములు ఏకీభవించినప్పుడు, వెబ్‌సైటు నిమిత్తము చిత్రమును తేలిక చేయునప్పుడు ఆ లోపలి సమాచారము తొలగింపబడనప్పుడు మాత్రమే అది పనికివచ్చును.

పెండ్లి చిత్రములలో పొరపాటు జరిగినను ఇంటివారు బ్రతికియుందురు, అడిగి దిద్దుకొనవచ్చును. తాటాకు ప్రతుల విషయమున ఆ యవకాశము లేదు. తాటాకునకు రెండు ముఖములు. ఆకుసంఖ్య సాధారణముగ ఒక ముఖమున, అంచున, తెలుగు అంకెలలో వ్రాయబడియుండును. రెండవ ముఖమున నేమియు నుండదు. ఏ పల్లెలోనో ఒక పండితకుటుంబమువారి అటకపైనుండి దింపిన గ్రంథమును రెండు దినముల గడువుతో తెచ్చి, నూనె రాచి, ఆకు తరువాత ఆకు పరచి చిత్రించునప్పుడు, ఒక ముఖము మసకగా వచ్చుటయు, దానిని మరల తీయుటయు, ఒక్కొక్కప్పుడు మరల తీయుట మరచుటయు సహజములు. మసకవానిని తొలగించిన పిమ్మట కెమెరా సంఖ్యలు అట్లే నిలిచియున్నచో 0233 లేదని చూచినవాడు ఇచ్చట నొక ముఖము పోయినదేమోయని శంకించి, గ్రంథము ఇంకను చేతనుండగనే సరిచూచుకొనును. మూకుమ్మడిగా క్రొత్త వరుస పెట్టినచో ఆ ఖాళీ పూడిపోవును. 001 మొదలు 318 వరకు ఎచ్చటను లోటు లేనట్లు కనిపించును. ఇరువది యేండ్ల తరువాత ఆ కావ్యమును పరిష్కరింపబూనిన విద్వాంసుడు, పద్యము నడుమ తెగినచోట, ఆకే నశించినదో, లేఖకుడే వదలెనో, ఫోటో తీసినవాడే విడిచెనో తెలియక నిలిచిపోవును. అప్పటికి ఆ తాటాకులు ఏ చెదలకు ఆహారమైనవో చెప్పువారెవరు?

ఇంతటి నష్టము ఏ దుర్బుద్ధివలనను కలుగుట లేదు. సాఫ్ట్‌వేర్‌లోని ఒక చిన్న గడివలన కలుగుచున్నది. ఫోటోషాప్‌నందు పనుల వరుసను ఒకసారి చేసి చూపి యాక్షన్ అను పేర నమోదు చేసికొని, పిమ్మట బ్యాచ్ అను సాధనముచే ఫోల్డరు మొత్తముపై నడపుట అందరెరిగినదే. ఆ నమోదు వేళ సేవ్ యాజ్ చేయుచు పేరు గడిలో క్రొత్త పేరు టైపు చేసినచో, ఫోటోషాప్ ఆ పేరును సయితము పనిలో భాగముగనే గ్రహించి, ప్రతి చిత్రమునకును ఆ పేరే వాడును. బ్యాచ్ కిటికీలో యాక్షన్‌లోని సేవ్ యాజ్ ఆజ్ఞలను త్రోసిపుచ్చుమను చిన్న చతురస్రమున టిక్కు పెట్టని యెడల, నాలుగు వందల చిత్రములును ఒకదానిపై నొకటి పడి, తుదకు యాక్షన్‌లో నమోదైన ఫోల్డరున మిగులునది కడపటి చిత్రమొక్కటే. మూలములు వేరుచోట భద్రముగ నున్నవారికి ఇది కాలహరణము మాత్రమే. మూలములున్న ఫోల్డరులోనికే ప్రతులను పంపువారికి ఇంతకంటె పెద్ద ముప్పు పొంచియుండును. ఆజ్ఞలను టైపు చేసి పని జరిపించు ఇమేజ్‌మ్యాజిక్‌లోని మాగ్రిఫై అను సాధనమునకు వేరు ఫోల్డరు చూపక, ఆకృతియు మార్చక విడిచినచో, పేరు చెడదు గాని మూలచిత్రమే సవరించిన చిత్రముగ మారిపోవును. పేరు నిలుపుట అనగా మూలమును కప్పివేయుట కాదు. మూలము తన చోట నుండవలెను, ప్రతి వేరు ఫోల్డరున అదే పేరుతో నుండవలెను.

మంచి మార్గములును ఆ సాఫ్ట్‌వేర్‌లలోనే కలవు. ఇర్ఫాన్‌వ్యూ యందు పేరు నమూనా గడిలో డాలరు గుర్తు ప్రక్క ఎన్ అక్షరమున్నంతవరకు మూలనామము నిలుచును. లైట్‌రూమ్‌నుండి ఎగుమతి చేయునప్పుడు మూలనామమునే ఉంచుకొనవచ్చును, లేదా మన పేరు ముందుంచి కెమెరా సంఖ్యను వెనుక నిలుపుకొనవచ్చును. అడోబీ బ్రిడ్జియందు మూకుమ్మడిగా పేర్లు మార్చు కిటికీలో, ఇప్పటి పేరును చిత్రములోపలి సమాచారమున భద్రపరచు ఎంపిక యొకటి కలదు. దానిని టిక్కు పెట్టినవారు మరల వెనుకకు రాగలరు. నాకు విచారము కలిగించునదేమనగా, ఇట్టి రక్షణ తనంత తాను పనిచేయక, ఎరిగినవారు వెదకి పెట్టుకొనవలసిన టిక్కుగా నుండుటయే. మూలనామమును పూర్తిగ తుడుచు ఎంపికను ఎవరైన కోరినచో, పాత పేరు క్రొత్త పేరు ఎదురెదురుగా చూపు పట్టిక నొకదానిని ఆ ఫోల్డరుననే వ్రాసిపెట్టుట సాఫ్ట్‌వేర్‌లకు ఏమంత భారము? వేల చిత్రముల రంగులు సవరింపగల యంత్రమునకు రెండు వరుసల పట్టిక వ్రాయుట క్షణకాలపు పని.

మన శాసనపరిశోధకులు కంప్యూటరు లేని దినములలోనే ఈ ధర్మమును చక్కగ పాటించిరి. ప్రభుత్వ శాసనశాఖవారు ఊరూర తిరిగి రాతిపై తడి కాగితమద్ది సిరాతో అచ్చు తీసి తెచ్చినప్పుడు, ప్రతి శాసనమునకును ఆ సంవత్సరపు వార్షిక నివేదికలో ఒక సంఖ్య వేయుదురు. దశాబ్దముల పిమ్మట ఆ శాసనపాఠము దక్షిణభారత శాసనసంపుటములలో అచ్చగునప్పుడు దానికి సంపుటములోని క్రొత్త వరుస సంఖ్య వచ్చును. కాని దాని ప్రక్కనే పాత వార్షిక సంఖ్యయు సంవత్సరముతో సహా ముద్రితమగును. జయంతి రామయ్య పంతులుగారును, ఎన్. లక్ష్మీనారాయణరావుగారును పరిష్కరింపగా 1948లో వెలువడిన పదవ సంపుటము, తెలుగు శాసనములకు ప్రత్యేకింపబడినది, ఈ పద్ధతినే యనుసరించినది. ఆ పాత సంఖ్య ఉండుటచేతనే నేటి పరిశోధకుడు అచ్చుపాఠమున సందేహము కలిగినప్పుడు, ఏ అచ్చుకాగితమును చూడవలెనో, ఏ యేట ఎవరు ఏ ఊర దానిని తీసిరో వెదకుకొనగలుగుచున్నాడు. క్రొత్త సంఖ్య పెట్టవద్దని ఆ పెద్దలనలేదు. పెట్టిరి, పాతదానిని చెరుపలేదు. నేను కోరునదియు అంతమాత్రమే.

దీనిపై వచ్చు ఆక్షేపణలలో గట్టిది ఒక్కటి కలదు. అర్థము లేని సంఖ్యకంటె, చూడగనే విషయము తెలియు పేరు మేలుకదా యనుట. ఇందు సత్యము లేకపోలేదు. లేపాక్షి నంది అని పేరున్న ఫైలు వెదకువానికి వెంటనే దొరకును, డీఎస్‌సీ_0412 దొరకదు. అయితే ఆ నందిని నలుబది కోణములలో తీసినప్పుడు, లేపాక్షి నంది 1 మొదలు 40 వరకు పెట్టుటచే మరల వరుస సంఖ్యల చిక్కే వచ్చును. మూలనామమును ముందుంచి, అడుగుగీత తరువాత విషయము చేర్చినచో రెండు ప్రయోజనములును సిద్ధించును. విస్తారమైన వివరణము, ముఖ్యముగ తెలుగులిపిలో వ్రాయదలచినది, ఫైలు పేరులో గాక చిత్రములోపల శీర్షికకు ఏర్పరచిన స్థానమున వ్రాయుట యుత్తమము. ఏలననగా తెలుగులిపిలోనున్న ఫైలు పేర్లు పాత జిప్ సాధనములద్వారా ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోవునప్పుడు చదువరాని గుర్తులుగా మారుట నేటికిని జరుగుచునే యున్నది. కెమెరా సంఖ్య 9999 దాటినచో మరల 0001కి వచ్చుననుటయు నిజమే. కావున కార్డునుండి కంప్యూటరులోనికి దింపుకొను నాడే, సవరణకు పూర్వమే, తేదీని కెమెరా గుర్తును ముందు చేర్చి, కెమెరా పేరును చెరుపక, ఒక్కసారి స్థిరపరచుకొని, అటుపిమ్మట దానిని ముట్టకుండుట యుక్తము. పెండ్లిలోని ఇద్దరు ఫోటోగ్రాఫర్ల పేర్ల చిక్కును దీనితో తీరిపోవును.

పేరు దాచవలసిన సందర్భములును కొన్ని కలవు. ఫైలు పేరులో రోగి పేరో, బాధితురాలి పేరో ఉన్నప్పుడు ప్రచురించు ప్రతినుండి దానిని తొలగించుట ధర్మమే. సంబంధపట్టిక మాత్రము బాధ్యతగలవారి యొద్ద నుండవలెను.

వార్తాచిత్రముల విషయమున మూలనామము పోవుటవలని చిక్కు మరింత తీవ్రమగును; అవి న్యాయస్థానమున సాక్ష్యము కావచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, 63వ సెక్షను క్రింద ఎలక్ట్రానిక్ సాక్ష్యముతో సమర్పించు ధ్రువపత్రమున ఫైలుయొక్క హాష్ విలువను, అనగా ఫైలులోని సమాచారమునుండి లెక్కకట్టిన గుర్తింపు విలువను, పేర్కొనుమనుచున్నది. పేరు మార్చినంతమాత్రమున హాష్ మారదు; కాని చిత్రమున ఒక్క బిందువు దిద్దినను మారును. అనగా అచ్చైన సవరించిన చిత్రమునుండి మూలచిత్రమును చేరుటకు హాష్ తోడ్పడదు. ఆ దారి చూపునది పేరే. వాట్సాప్‌లో చిత్రముగా పంపబడినవి ఆండ్రాయిడ్ ఫోనులలో ఐఎంజీ తరువాత తేదీ, డబ్ల్యూఏ, వరుస సంఖ్య అను క్రొత్త పేరుతో, లోపలి సమాచారము చాలవరకు పోగొట్టుకొని చేరుచుండుటచేత, గ్రామీణ విలేకరులు చిత్రములను డాక్యుమెంటుగా పంపుట అలవరచుకొన్నచో, డెస్కునకు మూలనామముతోనే చేరును.

గ్రంథములను తాటాకులను డిజిటలీకరించుటకు ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును పిలుచు టెండర్లలో, బిందుసాంద్రత ఎంత యుండవలెను, ఫైలు టిఫ్‌గా నుండవలెనా జేపెగ్‌గా నుండవలెనా అను నిబంధనలతోపాటు పేరునుగూర్చి మరికొన్ని షరతులు చేర్పవలెను. కెమెరా లేక స్కానరు ఇచ్చిన మూలనామము ప్రతి రూపాంతరమునందును నిలువవలెను. తొలగించిన చిత్రముల సంఖ్యలును కారణమును జాబితాగా నీయవలెను. క్రొత్త పేరు తప్పనిసరియైన చోట పాత క్రొత్త పేర్ల పట్టిక హార్డ్‌డిస్కుతోపాటు అప్పగింపవలెను. ఆ పట్టిక లేనిదే బిల్లు చెల్లింపరాదు. స్వీకరించు అధికారి పది ఫైళ్లను తన యిష్టమువచ్చినట్లు ఎంచి, చిన్న ప్రతినుండి మూలమును తన యెదుట చూపుమని కోరవచ్చును. గుత్తేదారు వెనువెంటనే చూపగలిగినచో పని సక్రమముగ జరిగినట్లే. చూపలేనిచో, తాటాకులు సొంతదారులకు తిరిగి పోవుటకు ముందే, ఆ గ్రంథమును మరల చిత్రింపజేయవలెను.